చైనీస్ వాళ్ళకి "ఓపెన్" ఎలా నేర్పాలి? లైటు కూడా "ఓపెన్" చెయ్యమంటున్నారు

గోదారిపిల్ల (రిచ్‌మండ్, కెనడా)

అందరికీ నమస్కారం, చాలా రోజులకి కొత్త టాపిక్ పెడుతున్నా. ఇక్కడ లైబ్రరీలో శనివారం పూట ఇంగ్లీష్ మాట్లాడించే గ్రూపు ఒకటి ఉంది, దానికి నేను వాలంటీర్ని, జీతం గీతం ఏం లేదు. మా ఊళ్ళో సగానికి పైగా జనం చైనా మూలాలున్న వాళ్ళే, అందుకని గ్రూపుకి పన్నెండు మందొస్తే పదిమంది వాళ్ళే ఉంటారు. ఎక్కువమంది మనవల్ని చూసుకోడానికి వచ్చి ఉండిపోయిన అరవై దాటినవాళ్ళు.

సమస్య ఏంటంటే "ఓపెన్". మొన్న మబ్బు పట్టి హాలు చీకటైతే ఒకావిడ "టీచర్, ప్లీజ్ ఓపెన్ ది లైట్" అంది. సరే అర్థమైంది, వేశా. తర్వాత ఒకాయన "మై సన్ ఓపెన్ కార్ వెరీ ఫాస్ట్" అన్నాడు, నేను పాపం కారు డోరు విసురుగా తీస్తాడు కాబోలు అనుకుని "డోరు విరిగిందా" అని అడిగా, క్లాసంతా ఒకటే నవ్వు. ఇంటికెళ్ళేముందు "క్లోజ్ ది ఫ్యాన్". దిద్దితే బుద్ధిగా రాసుకుంటారు, మళ్ళీ వారం మళ్ళీ అదే. ఆఖరికి ఆ కారాయనే నన్ను నిలదీశాడు, "డోర్ ఓపెన్, షాప్ ఓపెన్, బ్యాంక్ అకౌంట్ ఓపెన్, వై లైట్ నాట్ ఓపెన్?" అని. నిజం చెప్పాలంటే నాకు జవాబు తోచలేదు. "అలా అనరు" తప్ప ఇంకేం చెప్పగలను? ఇక్కడ చైనా వెళ్ళొచ్చినవాళ్ళు, భాషల పిచ్చోళ్ళు ఉన్నారుగా, కాస్త చెప్పండి.

హార్బిన్‌చలి (ఖమ్మం)

అక్కా నేను చైనాలోని హార్బిన్‌లో ఎంబీబీఎస్ చేసొచ్చా, నువ్వు ఇటువైపు నుంచి పడుతున్న బాధ నేను అటువైపు నుంచి పడ్డా. దీనంతటికీ మూలం ఒక్కటే మాట: ఖాయ్. ఒత్తు మర్చిపోకండి, వాళ్ళు ఇంగ్లీష్ అక్షరాల్లో కె అని రాసేది మన ఖ, జి అని రాసేది మన క కి దగ్గర. రాగం పైన పట్టుకుని దించకుండా అనాలి. ఒత్తు పోయి రాగం మారితే కాయ్, అంటే "మార్చు", అది వేరే మాట.

ఇప్పుడు చూడు. ఖాయ్ మన్ అంటే తలుపు తియ్యడం. ఖాయ్ తంగ్ అంటే లైటు వెయ్యడం. ఖాయ్ ఛ కారు నడపడం, మీ పెద్దాయన కొడుకు చేసేది అదే. మీటింగు పెట్టుకుంటే ఖాయ్ హ్వెయ్, సెలవులయ్యాక బడి మొదలైతే ఖాయ్ శ్వె, పువ్వు పూస్తే ఖాయ్ హ్వా. మరగకాచిన నీళ్ళు ఖాయ్ ష్వెయ్. మా హాస్టల్లో ఫ్లోరుకో బాయిలర్ ఉండేది, దాని మీద అదే రాసుండేది, నేను డిక్షనరీ చూసి "ఓపెన్ వాటర్" అని చదువుకుని ఇవేవో మూతలేని ట్యాంకు నీళ్ళనుకుని వారం రోజులు బాటిళ్ళు కొనుక్కు తాగా.

హాస్పిటల్లో అయితే ఇంకా గమ్మత్తు. మందు రాసివ్వడం ఖాయ్ యావ్. ఆపరేషన్ ఖాయ్ తావ్, తావ్ అంటే కత్తి. పోస్టింగ్స్‌లో ఒక పెద్దాయనకి మాతో ఇంగ్లీషే మాట్లాడాలని సరదా, "లాస్ట్ ఇయర్ డాక్టర్ ఓపెన్ నైఫ్, దెన్ ఓపెన్ మెడిసిన్" అన్నాడు. నా పక్కన ఉన్న మా గుంటూరు రూమ్మేట్ గుటకలు మింగాడు. పెద్దాయన చెప్పింది గాల్‌బ్లాడర్ తీశారు, తర్వాత మందులు రాశారు అని, అంతే.

కాబట్టి నిన్ను నిలదీసినాయన అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదక్కా. బళ్ళో మొదటిరోజే ఖాయ్ పక్కన ఓపెన్ అని రాయించేసి ఉంటారు, ఇక ఖాయ్ ఎక్కడికెళ్తే ఓపెన్ కూడా దాని వెనకే వెళ్తుంది.

మౌల్డింగ్‌మస్తాన్ (నెల్లూరు)

అయ్యో ఈ ఓపెన్ వల్ల నేను తిట్లు తిన్నానండి. ఫ్యాక్టరీ పేరొద్దు గానీ మేం ప్లాస్టిక్ మౌల్డింగ్ చేస్తాం, చైనా నుంచి కొత్త మెషీన్ వచ్చింది, బిగించడానికి వాళ్ళ ఇంజినీరు ఒకాయన వచ్చాడు, మంచోడే. మూడోరోజు అంతా సెట్ అయ్యాక నాకేసి చూసి "ఓపెన్ మెషీన్" అన్నాడు. నేను ఎలెన్‌కీల సెట్టు తీసుకుని సైడు కవరుకున్న ఎనిమిది బోల్టులూ విప్పి కవరు పక్కన పెట్టా. ఆయన ఫోన్లో మాట్లాడి వెనక్కి తిరిగి చూసి నెత్తి పట్టుకున్నాడు, "నో నో, ఓపెన్, ఓపెన్" అంటాడు, నేను ఇంకా విప్పాలేమో అని రెండో కవరు మీద పడ్డా. ఆఖరికి ఆయనే వచ్చి పచ్చ బటన్ నొక్కి చూపించాడు. మెషీన్ ఆన్ చెయ్యమంటున్నాడన్నమాట. మళ్ళీ కవర్లు బిగించేసరికి లంచ్ టైం అయిపోయింది, సూపర్‌వైజర్ తిట్లు అదనం.

కాకపోతే మా పనిలో నిజంగానే ఓపెన్ క్లోజ్ ఉన్నాయండోయ్. మౌల్డ్ ఓపెన్, మౌల్డ్ క్లోజ్, రెండు పలకలు విడిపోవడం, కలవడం. అందుకే ఇంకా తికమక.

సింగపూర్‌సుజాత

మా దగ్గరికి రండి, మేం ఆ సమస్యే లేకుండా చేసేశాం. ఇక్కడ "ఆన్ ది లైట్", "ఆఫ్ ది ఫ్యాన్" అంటారు, ఓపెనూ లేదు స్విచ్చూ లేదు, ఆన్‌నే క్రియ చేసేశారు. పాతకాలం ఆంటీలు "ఓపెన్ ది లైట్" కూడా అంటారు. మా అబ్బాయి బళ్ళో "ఆన్ ది ఫ్యాన్" అంటే టీచర్ దిద్దుతుంది, కారిడార్‌లో అదే టీచర్ అటెండర్‌తో అలాగే అంటుంది 😀

కోపిష్టికోటయ్య

ఆవిడ ఓపెన్ ది లైట్ అంది, మీరు వేశారు. పనైపోయింది కదా. అరవై ఏళ్ళ వాళ్ళని పట్టుకుని ఇంకా గ్రామరేంటండీ, మన ఇంగ్లీష్ మాత్రం ఏం బంగారమని. నాలుగు పేజీల చర్చ అవసరమా దీనికి.

గోదారిపిల్ల

కోటయ్య గారూ లైటు దగ్గర నేనూ అదే అనుకున్నా, వదిలేద్దామని. కానీ ప్రతిసారీ లైటుతో పోదు కదా. ఇదే గ్రూపులో ఒకావిడ తన ఫ్రెండ్‌కి "క్లినిక్ ఈజ్ ఓపెనింగ్ నౌ" అని మెసేజ్ పెట్టింది, ఆవిడ ఉద్దేశం ఇప్పుడు తెరిచే ఉంది రమ్మని. ఆ ఫ్రెండ్ (ఫిలిప్పీన్స్ ఆవిడ) కొత్త క్లినిక్ ఏదో పెడుతున్నారు కాబోలు, తర్వాత చూద్దాం అని ఊరుకుంది. వాళ్ళకేం గ్రామర్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఇలాంటిచోట ఇబ్బంది పడకూడదని అంతే.

@హార్బిన్‌చలి తమ్ముడూ భలే చెప్పావు, ఆ కత్తి మాట రేపు వాళ్ళనే అడుగుతా. మరి ఈ "ఓపెనింగ్" ఎక్కడినుంచి వస్తోంది? ఒకరు కాదు, సగంమంది "డోర్ ఈజ్ ఓపెనింగ్", "లైట్ ఈజ్ ఓపెనింగ్" అంటారు.

నుడికారం (విజయనగరం)

ఆలస్యంగా వచ్చా, కానీ ఈ ఓపెనింగ్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే దీని జవాబు మన తెలుగులోనే ఉంది.

చైనీస్‌లో క్రియ మారదు. నిన్నైనా రేపైనా ఖాయ్ ఖాయే. దాని వెనక చిన్న తోకలు తగిలిస్తారు. ఒకటి "ల", పని జరిగిపోయింది అని. ఇంకోటి "చ", చేసిన పని తాలూకు స్థితి అలాగే ఉంది అని. "మన్ ఖాయ్ ల" అంటే తలుపు తెరుచుకుంది. "మన్ ఖాయ్ చ" అంటే తలుపు తీసి ఉంది. ఇప్పుడు గమనించండి, "తీసి ఉంది", "వేసి ఉంది", "రాసి ఉంది", మనకి ఇదే పని చేసేది ఆ "ఇ ఉంది". అచ్చం దిగింది కదా. ఇంగ్లీష్‌లో ఇలాంటి తోక లేదు. ఇంగ్లీష్ మేష్టార్లు చాలాచోట్ల ఆ "చ" కి ఎదురుగా "ఇంగ్" అని రాసిచ్చేస్తారు, ఎందుకంటే కూర్చుని ఉన్నాడు, నిలబడి ఉన్నాడు లాంటి చోట్ల అది సరిపోతుంది, సిట్టింగ్, స్టాండింగ్. తలుపు దగ్గరికొచ్చేసరికి తన్నేస్తుంది. డోర్ ఈజ్ ఓపెనింగ్ అంటే తెరుచుకుంటోంది, లిఫ్టులో వినపడే మాట. తీసి ఉంది అనాలంటే ఉత్త "ఓపెన్" చాలు.

అసలు చిక్కు ఇంగ్లీష్‌దే. ఓపెన్ అనేది క్రియ కూడా, విశేషణం కూడా. క్లోజ్ అలా కాదు, మూసి ఉంటే "క్లోజ్డ్" అనాలి, డి కావాలి. షాప్ ఈజ్ ఓపెన్, షాప్ ఈజ్ క్లోజ్డ్. ఈ జత కుంటిది. అందుకే చైనావాళ్ళు ఓపెనింగ్ అంటే మనవాళ్ళు "షాప్ ఈజ్ ఓపెన్డ్" అంటారు, క్లోజ్డ్‌కి జతగా ఉండాలి కదా అని. రెండూ పొరపాట్లే, దారులు వేరు. పైగా "క్లోజ్" అని స అన్నట్టు పలికితే దగ్గర అని ఇంకో అర్థం, "ది షాప్ ఈజ్ క్లోజ్" అంటే కొట్టు పక్కనే ఉందని. బోర్డు మీద రాసేటప్పుడు మూడే వాక్యాలు రాయండి: ఓపెన్స్ ఎట్ నైన్, ఈజ్ ఓపెన్ నౌ, క్లోజ్డ్ ఆన్ సండే. మిగతా వ్యాకరణం జోలికి వెళ్ళకండి.

ఇక మీ పెద్దాయన ప్రశ్న, లైట్ ఎందుకు కాదు అని. దీనికి నేను వాడే కొలత ఒకటుంది. ఓపెన్ చేశాక లోపలికి చూడొచ్చా, చెయ్యి పెట్టొచ్చా, మనిషో నీళ్ళో అటూ ఇటూ పోతాయా? తలుపు, పెట్టె, కన్ను, పుస్తకం, గొడుగు, వాల్వు, బ్యాంకు, సరిహద్దు, అన్నీ ఓపెన్. ఏమీ తెరుచుకోకుండా ఉత్తగా పని మొదలైతే ఓపెన్ కాదు, టర్న్ ఆన్. లైటు, ఫ్యాను, హీటరు, కారు ఇంజను. ఫోన్ దగ్గర రెండూ వస్తాయి, ఫోన్ టర్న్ ఆన్ చేసి అందులో వీచాట్ ఓపెన్ చేస్తాం, ఎందుకంటే యాప్ అంటే లోపలికి వెళ్ళి చూసేది. వైఫై మాత్రం టర్న్ ఆన్. "ఈజ్ యువర్ వైఫై ఓపెన్?" అని పక్కింటివాణ్ణి అడిగితే పాస్‌వర్డ్ పెట్టలేదా అని అడిగినట్టు, వాడు అదోలా చూస్తాడు.

కొళాయి దగ్గర నా కొలత చెడిపోతుంది, ఓపెన్ ది ట్యాప్ అన్నా టర్న్ ఆన్ అన్నా ఒప్పే. పోనివ్వండి.

లైన్‌రావు (రిటైర్డ్, రాజమండ్రి)

నుడికారం గారు బాగా చెప్పారు కానీ కరెంటువాళ్ళ మాట కూడా ఒకటి వినండి. ముప్పై రెండేళ్ళు సబ్‌స్టేషన్లలో చేశాను. మా భాషలో ఓపెన్ అంటే కరెంటు పోయినట్టు. బ్రేకర్ ఓపెన్ అంటే సప్లై లేదు, ప్యానెల్ మీద పచ్చ లైటు. బ్రేకర్ క్లోజ్ అంటే కాంటాక్టులు కలిశాయి, కరెంటు వెళ్తోంది, ఎర్ర లైటు. ఓపెన్ సర్క్యూట్ అంటే దారి తెగింది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు లైన్ క్లియర్, అంటే సప్లై ఆపారన్న అనుమతి తీసుకుంటాడు, ఏబీ స్విచ్ (లైన్‌ని విడదీసే స్విచ్) ఓపెన్ చేశారా అని రెండుసార్లు అడుగుతాడు. మీ క్లాసులో ఆవిడ వచ్చి మా వాడికి "ఓపెన్ ది లైట్" అని చెప్తే వాడు ఫ్యూజు పీకేస్తాడు.

అంటే ఇంగ్లీష్‌లోనే వీధిలో ఒకటి, కరెంటాఫీసులో దానికి తలకిందులు. ఈ మాట మీ పెద్దాయనకి చెప్పండి, ఆయన ఇంజినీరు అయ్యుంటే సంతోషిస్తాడు.

హార్బిన్‌చలి

రావు గారూ సూపర్. వాళ్ళ ఇంజినీర్లకీ అదే తిప్పలు. ఓపెన్ సర్క్యూట్‌ని ఖాయ్‌లు అంటారు, లు అంటే దారి. ఇంట్లో ఖాయ్ అంటే లైటు వెలుగుతుంది, పాఠంలో ఖాయ్‌లు అంటే వెలగదు. ఇంకా స్విచ్‌నే ఖాయ్‌క్వాన్ అంటారు, తెరువు-మూయి అని. క్వాన్ అంటే మూయడం, లైటు ఆర్పడం కూడా.

ఓరుగల్లుపోరడు

ఇంత సేపట్నుంచి సదువుతున్న, ఒక్క ముచ్చట ఎవ్వరు సెప్తలేరు. మనం ఏమంటం? లైట్ ఎయ్యి. తలుపు ఎయ్యి. లైట్ ఎయ్యి అంటే వెలిగియ్యమని, తలుపు ఎయ్యి అంటే మూయమని. గట్లనే తలుపు తియ్యి అంటే తెరువమని, లైట్ తీసెయ్ అంటే ఆర్పమని. చైనోళ్ళకు తలుపు తెరిస్తే లైట్ ఎలిగినట్టు, మనకు తలుపు మూస్తే లైట్ ఎలిగినట్టు. పూరా ఉల్టా!!

మా దిక్కు అయితే ఎక్కువ బంద్ జెయ్ అంటం అది వేరే. నల్ల ఇప్పు, నల్ల బంద్ జెయ్.

గోదారిపిల్ల

అయ్యబాబోయ్!! నలభై ఏళ్ళుగా రెండూ అంటున్నా, ఒక్కసారి కూడా తట్టలేదు. చదవగానే మా ఆయన్ని పిలిచి "వెయ్యి" అన్నా, ఏం వెయ్యాలి అన్నాడు, "అదే కదా సంగతి" అన్నా. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

సింగపూర్‌సుజాత

మరి ఫ్యాను "కట్టెయ్యి" ఏమైంది? మా అమ్మ టీవీ కట్టెయ్, మోటారు కట్టెయ్, కొళాయి కట్టెయ్ అంటుంది, సాయంత్రం ఏడింటికి నాన్న కొట్టు కట్టేసి వస్తారు అంటుంది. ఆవుని కట్టేసినట్టు అన్నిటినీ కట్టేస్తాం మనం.

లైన్‌రావు

ఓరుగల్లు అబ్బాయి మాట చూశాక నాకు తట్టింది. మన "వెయ్యి" లెక్కన తలుపూ లైటూ రెండూ క్లోజ్. సబ్‌స్టేషన్ లెక్కా అదే, క్లోజ్ చేస్తే కరెంటు. తెలుగువాడు పుట్టుకతోనే ఎలక్ట్రికల్ ఇంజినీరు.

ఓరుగల్లుపోరడు

😂😂 రావు సార్‌కు దండాలు

నుడికారం

నవ్వులు సరే, తలుపు "తియ్యి" ఎందుకయ్యిందో నా ఊహ ఒకటి చెప్తా, ఊహే. పాత ఇళ్ళలో తలుపుకి లోపల అడ్డగడియ ఉండేది, లావాటి కర్ర. మా తాతగారింట్లో నేను చూశా, రాత్రి అయితే రెండు చేతులా ఎత్తి గోడల్లోని రెండు కన్నాల్లో పడేసేవారు. గడియ వెయ్యడం, గడియ తియ్యడం. ఆ గడియ మాటే తలుపుకి అంటుకుని తలుపు వెయ్యి, తలుపు తియ్యి అయ్యుంటుంది. లైటు దగ్గర తియ్యి, వెయ్యి వేరే దారిన వచ్చాయి, చొక్కా వేసుకున్నట్టు, తీసేసినట్టు.

చెప్పొచ్చేదేంటంటే, ఖాయ్ పాత అక్షరం, అంటే ఇప్పటికీ తైవాన్, హాంకాంగ్‌లో రాసేది, అందులో కూడా ఇదే బొమ్మ. రెండు రెక్కల తలుపు, మధ్యలో అడ్డంగా ఒక గీత, ఆ గీత గడియ, దాని కింద రెండు చేతులు. గడియ ఎత్తుతున్న చేతులు! చైనా 1950ల్లో అక్షరాలు సులువు చేసినప్పుడు తలుపు చెరిపేశారు, గడియా చేతులే మిగిలాయి. అక్కడ తలుపు పోయింది, మన "తియ్యి" లో గడియ పోయింది.

హార్బిన్‌చలి

మూడేళ్ళు ఆ అక్షరం రాశా, ఇది మాకు ఎవడూ చెప్పలేదు. హెచ్‌ఎస్‌కె (చైనీస్ భాష పరీక్ష) నాలుగో లెవెల్ పాసయ్యా ఏం లాభం.

ఇవూబేరం (విజయవాడ)

నేను సరుకు కోసం చైనాలో ఇవూ హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్తుంటా, ఫ్యాన్సీ ఐటమ్స్. బేరాల్లో ఈ ఖాయ్ లేనిదే పొద్దు గడవదు. బిల్లు రాసివ్వడం "ఖాయ్ ఫాఫ్యావ్", ధర చెప్పడం ఖాయ్ చ్యా, వాళ్ళు మనతో ఇంగ్లీష్‌లో "యూ ఓపెన్ ప్రైస్" అంటే ముందు నువ్వు చెప్పు అని. మొదటిసారి నాకు అది అర్థంకాక ధర ఓపెన్‌గా వదిలేశారు, ఎంతైనా ఇవ్వచ్చు అనుకుని సంబరపడి అడ్డంగా తక్కువ చెప్పా, ఆవిడ క్యాలిక్యులేటర్ లాక్కుంది.

ఇంకోటి, కొటేషన్‌లో "ఓపెన్ మౌల్డ్ ఫీ" అని ఉంటుంది. మస్తాన్ భాయ్ చెప్పిన మౌల్డ్ ఓపెన్ కాదది, కొత్త డై తయారు చేయించే ఖర్చు. సంతకం పెట్టేముందు అడగండి, చిన్న మొత్తం కాదు.

మనకి నచ్చేది ఒకటుంది, ఖాయ్ చాంగ్. కొత్తకొట్టు తెరవడానికీ అదే, రోజు మొదటి అమ్మకానికీ అదే. అచ్చంగా బోణీ! పొద్దున్నే వెళ్ళి ఆ మాటంటే అమ్మకందారు మొహం వెలిగిపోతుంది, ఒక్కోసారి రేటు కూడా తగ్గుతుంది. బోణీ బేరం అక్కడా ఇక్కడా ఒకటే.

మౌల్డింగ్‌మస్తాన్

భాయ్ ఆ మాట ముందే చెప్పుంటే మా ఓనర్‌కి నిద్ర పట్టేది. ఓపెన్ మౌల్డ్ ఫీ అంటే మౌల్డ్ విప్పి చూపించినందుకు డబ్బులు అడుగుతున్నారని రెండు రోజులు గొడవ పడ్డాడు ఫోన్లో 😅

నుడికారం

ఇవూ గారు డబ్బు మాట ఎత్తారు కాబట్టి, బంగారం 24 క్యారెట్లు అనడానికి కూడా వాళ్ళు 24 ఖాయ్ అంటారు. అది తెరవడం కాదు, ఇంగ్లీష్ కె శబ్దానికి ఆ అక్షరం వాడుకున్నారు అంతే. పుస్తకాల సైజు కూడా ఖాయే, 16 ఖాయ్, 32 ఖాయ్, పెద్ద కాగితాన్ని అన్ని ముక్కలు చేసినట్టు, మన క్రౌన్ 1/8, డెమ్మీ 1/8 లాగా. 1978 డిసెంబరులో చైనాలో మొదలైన ఆర్థిక సంస్కరణలని "కాయ్‌క ఖాయ్‌ఫాంగ్" అంటారు, మార్చడం, తెరవడం. హార్బిన్ తమ్ముడు మొదట్లో ఒత్తు గురించి చెప్పాడే, ఆ కాయ్, ఈ ఖాయ్ ఒకే పేరులో పక్కపక్కనే కూర్చున్నాయి.

గోదారిపిల్ల

ఒక డౌటు. మా గ్రూపులో ఇద్దరు హాంకాంగ్ వాళ్ళున్నారు. వాళ్ళు "ఓపెన్ ది లైట్" అంటారు కానీ "క్లోజ్ ది లైట్" అనగా ఎప్పుడూ వినలేదు, "ఓపెన్ కార్" కూడా అనరు. వాళ్ళ ఇంగ్లీష్ బెటరా?

సింగపూర్‌సుజాత

ఇంగ్లీష్ బెటర్ కావచ్చు, కానీ వాళ్ళది కాంటనీస్ కూడా కదా, హార్బిన్ తమ్ముడు చెప్పే మాండరిన్ కాదు. మా పక్కింటావిడ కాంటనీసే. లైటు వెయ్యడానికి "హోయ్ తాంగ్" అంటుంది, అది అదే అక్షరం. ఆర్పడానికి "సిక్ తాంగ్", అంటే మన "ఆర్పు" లాంటిది, దీపం ఆర్పినట్టు. తలుపు మూయడానికి ఇంకో మాట, "సాన్ మున్". లైటుకీ తలుపుకీ వేరువేరు మాటలున్నాయి కాబట్టి క్లోజ్ ది లైట్ అనాలని వాళ్ళకి తోచదు. కారుకి కూడా వేరే మాటే, "చా", పట్టుకోవడం.

కాబట్టి మీరు క్లాసులో చైనీస్ అని ఒకే కట్ట కట్టకండి, ఎవరిది ఏ భాషో అడగండి.

కోపిష్టికోటయ్య

ఇంత ఉందా దీంట్లో. నేను నాలుగు పేజీలు అన్నా, ఆరో పేజీకి వచ్చారు.

గోదారిపిల్ల

నిన్న క్లాసైంది, రిపోర్టు ఇస్తున్నా.

నుడికారం గారి కొలత పెట్టా. ఒక అట్టపెట్టె, గొడుగు, టార్చిలైటు, నా ఫోను, ఒక సీసా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి ఒక్కోటీ ఎత్తి చూపించి "లోపల చెయ్యి పెట్టొచ్చా" అని అడిగా. పెట్టె, సీసా, గొడుగు ఓపెన్ వైపు వెళ్ళాయి. టార్చి దగ్గర గొడవ. ఒకావిడ టార్చి లాక్కుని వెనక మూత తిప్పి బ్యాటరీలు బయటికి తీసి "సీ, ఓపెన్!" అంది. ఒప్పుకున్నా, నిజమే, అది ఓపెనే. మళ్ళీ బ్యాటరీలు వేసి బటన్ నొక్కి "ఇది?" అన్నా. ఆవిడే మెల్లగా "టర్న్ ఆన్" అంది. నేను పది వారాల్లో చెప్పలేకపోయింది ఆ టార్చి చెప్పేసింది.

రావు గారూ, కారాయన ఇంజినీరు కాదు, డాలియన్‌లో ట్రామ్ నడిపేవాడట, "ఐ ఓపెన్ ట్రామ్ ట్వంటీ ఇయర్స్" అన్నాడు, వెంటనే నాలిక్కరుచుకుని "డ్రైవ్, డ్రైవ్" అన్నాడు. మీ బ్రేకర్ సంగతి చెప్తే చాలాసేపు తల ఊపాడు.

తర్వాత మన "తలుపు వెయ్యి, లైటు వెయ్యి" చెప్పా. ముందు నమ్మలేదు. స్విచ్ బోర్డు దగ్గర నుంచుని "వెయ్యి" అంటూ లైటు వేశా, తలుపు దగ్గరికెళ్ళి "వెయ్యి" అంటూ మూశా. రెండుసార్లు. హాంకాంగ్ ఆవిడ "యువర్ లాంగ్వేజ్ ఈజ్ క్రేజీ" అంది, అందరూ చప్పట్లు.

ఇంకోటి, ఖాయ్ శిన్ అంటే సంతోషం అట, శిన్ గుండె, గుండె తెరుచుకోవడం. అదే శిన్‌కి ముందు క్వాన్, అంటే మూయడం పెడితే విచారం అవ్వాలి కదా? కాదట. క్వాన్ శిన్ అంటే ఒకరి గురించి పట్టించుకోవడం. ఇది నాకు బుర్రకెక్కలేదు, తమ్ముడూ నువ్వే చెప్పాలి.

హార్బిన్‌చలి

క్వాన్‌కి మూయడం ఒక్కటే కాదక్కా, ముడిపడి ఉండటం అని కూడా అర్థం ఉంది. సంబంధాన్ని క్వాన్‌శి అంటారు చూడు, ఆ క్వాన్. గుండె ముడిపడింది అనుకో. మా హాస్టల్ కింద క్యాంటీన్ ఆంటీ ఒకావిడ రాత్రి ఆలస్యమైతే నా గిన్నె మూతేసి ఉంచేది, మా ఫ్రెండ్స్ అది క్వాన్ శిన్ అనేవాళ్ళు. మూత కూడా ఉంది కదా దాంట్లో.

ఓరుగల్లుపోరడు

గిది మంచిగుంది తమ్మీ.

నుడికారం

గోదారిపిల్ల గారూ తర్వాత "ప్లే" పట్టుకోండి. "కమ్ టు మై హౌస్ టు ప్లే" అని డెబ్భై ఏళ్ళాయన పిలిచాడా ఇంకా?

గోదారిపిల్ల

పిలిచాడండీ, పోయిన నెల్లోనే. దానికి వేరే టాపిక్ పెడతా.

కోపిష్టికోటయ్య

పెట్టండి గానీ రేపు పెట్టండి. మా ఆవిడ ఇప్పుడే "ఆ ఫోన్ కట్టేసి, తలుపేసి, లైటు తీసేసి పడుకోండి" అంది. ఏది తెరవాలో ఏది మూయాలో తెలీక అలా నిలబడిపోయా.